ఆసు యంత్రము

వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు పూర్వము అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణము. దానికి చేరువనే కృష్ణానది ప్రవహించుచున్నది. నదిమీద ప్రియదర్శిని జూరాల ఆనకట్ట కలదు. నదికి ఆవలివైపున గద్వాల పట్టణమున్నది. గద్వాల చీర పేరు వినని తెలుగువారు అరుదు. ఆ చీర యొడలు నూలు. అంచులును, కొంగును పట్టు. నూలును, పట్టును ఒకే మగ్గముపై కలిపి నేయుట సులభమైన పని కాదు. ఒడలికి ఒక నాడె, రెండంచులకు రెండు నాడెలు వలయును. ఈ మూడు నాడెల పోగులును అంచు కలియుచోట ప్రతి వరుసలోను ఒకదానితో నొకటి పెనవేసికొనవలెను. ఒక్క పోగు తప్పినను అంచు ఒడలినుండి విడిపోవును.

చీరను చూచునపుడు మనము రంగును చూతుము, అంచును చూతుము, వెలను అడుగుదుము. దానిని చేసిన చేయి ఎన్నిమారులు కదలినదో అడుగము. ఆ ప్రశ్న అడిగినవాడే క్రొత్త సాధనమును కల్పింపగలడు. ఒక పనిలో దాగియున్న శ్రమను గుర్తించుట, దానిని తగ్గించు సాధనమును ఊహించుట, ఊహించినదానిని చేసి చూచుట, సరిపడనిచో మార్చి మరల చేయుట – ఈ క్రమమునకే ఇంజనీరింగు రూపకల్పన యని పేరు. ఇది గొప్ప కర్మాగారములలోను, విశ్వవిద్యాలయములలోను మాత్రమే జరుగునని తలచువారు కలరు. ఆ తలంపు సరికాదని చూపుటకు మన రాష్ట్రములోనే ఒక చక్కని దృష్టాంతమున్నది. అది చింతకింది మల్లేశము నిర్మించిన ఆసు యంత్రము.

మల్లేశము స్వగ్రామము శారాజీపేట. ఆ గ్రామము ఆలేరు మండలములోనిది. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరియున్నది. అతనిది నేతవారి కుటుంబము. ఇంటి పరిస్థితులవలన అతని బడి చదువు ఆరవ తరగతితో ఆగిపోయెను. ఆ ప్రాంతమున నేయు చీరలు గద్వాల చీరలవంటివి కావు. అవి పోచంపల్లి పద్ధతి చీరలు. ప్రతి నేతసీమకును తనదైన అందమున్నట్లే తనదైన శ్రమయు నుండును. గద్వాల నేతలో శ్రమ ఎక్కువగా మగ్గముమీద నుండును. పోచంపల్లి నేతలో మగ్గమునకు పోగులు చేరకముందే పెద్ద శ్రమ మొదలగును.

సాధారణముగా బట్టను నేసిన పిదప దానిపై రంగులద్దుదురు. పోచంపల్లి పద్ధతిలో అట్లు కాదు. నేయుటకు ముందే పోగులను కట్టలుగా చేర్చి, రంగు అంటగూడనిచోట గట్టిగా చుట్టి కట్టి, రంగునీటిలో ముంచుదురు. కట్టు విప్పినప్పుడు ఆ చోటు తెల్లగా నుండును. తక్కిన చోటు రంగుతో నిండును. రంగులెన్ని కావలెనో అన్నిమారులు కట్టుటయు, ముంచుటయు జరుగును. దీనినే చిటికి పని యనియు, ఇక్కత్తు అనియు చెప్పుదురు. ఇట్లు రంగులు పట్టిన పోగులు మగ్గముమీద ప్రక్కప్రక్కన చేరినప్పుడు పువ్వో, చిలుకో, ఏనుగో రూపుకట్టును. పోగు వెండ్రుకవాసి ప్రక్కకు జరిగినచో చిలుక ముక్కు చెదరును. కావున రంగు వేయుటకు ముందు పోగులన్నియు లెక్క ప్రకారము, వరుస తప్పక, ఒకే బిగువుతో అమరియుండవలెను. అట్లు అమర్చు పనికే ఆసు పోయుట యని పేరు.

ఆసు చూచుటకు మిక్కిలి సామాన్యమైన సాధనము. ఒక చట్రమునకు ఒక కొనను ఒక మేకుండును. దానికెదురుగా అర్ధచంద్రాకారమున 41 మేకులు వరుసగా నిలిచియుండును. పోగును ఆ ఒంటిమేకునుండి తీసికొనిపోయి, ఎదుటి మేకులలో ఒకదానికి చుట్టి, మరల ఒంటిమేకునకు తేవలెను. ఇట్లు ఒక్కొక్క మేకునకు నియమితమైన సంఖ్య ప్రకారము పోగులు చుట్టుచు, ఒక కొననుండి మరియొక కొనకు పోవలెను. ఈ పనిని ఎక్కువగా ఇంటిలోని స్త్రీలే చేయుదురు.

ఒక చీరకు కావలసిన పోగును ఆసుమీద చుట్టుటకు చేయి సుమారు 9,000 మారులు అటునిటు కదలవలెను. దానికి నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరల పని చేసినచో చేయి 18,000 మారులు కదలును. బాలబాలికలారా! ఈ సంఖ్యను చదివి ఊరకుండక కొంచెము లెక్కవేసి చూడుడు. చేయి ఒక్కమారు కదలినపుడు ఒక మీటరు దూరము పోవుననుకొందము. అప్పుడు ఒక చీరకు 9 కిలోమీటర్లు, రెండు చీరలకు 18 కిలోమీటర్లు అగును. కూర్చున్నచోటు కదలకుండ, ప్రతిదినము, చేతితో నడచిన దూరమిది. ఇట్లు ఏండ్లతరబడి చేసినవారి భుజమునకు, మోచేతికి నొప్పి రాకుండునా? సన్నని పోగును రెప్పవేయక చూచిన కన్నులు అలయకుండునా?

మల్లేశము తల్లి లక్ష్మి ఈ పనియే చేయుచుండెను. రాత్రివేళ ఆమె భుజముల నొప్పితో బాధపడుట అతడు చిన్ననాటినుండి చూచుచుండెను. ఆసు ఆగినచో మగ్గము ఆగును. మగ్గము ఆగినచో ఇల్లు గడవదు. ఆసు ఆగకున్నచో తల్లి బాధ ఆగదు. ఈ చిక్కునుండి బయటపడుటకు చేతికి బదులుగా యంత్రము చుట్టవలెనని అతడు నిశ్చయించుకొనెను. 1992వ సంవత్సరమున ఆ ప్రయత్నము మొదలుపెట్టెను. అప్పటికి అతడు యంత్రశాస్త్రము చదివినవాడు కాడు. అతనికి గురువు లేడు, ధనము లేదు. ఆసు పనియొక్క ప్రతి కదలికయు అతనికి కంఠస్థము. అదియే అతని మూలధనము.

ఇచ్చట రూపకల్పనలోని మొదటి సూత్రమును గమనింపవలెను. సమస్యను సరిగా చెప్పుకొనుట సగము పరిష్కారము. "నేతపని కష్టముగా నున్నది" యనుకొన్నచో ఏ యంత్రమును చేయవలెనో తెలియదు. "ఒంటిమేకునుండి ఎదుటి మేకునకు పోవు చేయి దినమునకు 18,000 మారులు కదలుచున్నది, ఆ కదలిక తగ్గవలెను" అనుకొన్నచో దారి కనబడును. సంఖ్యతో చెప్పిన కష్టమును సంఖ్యతో తగ్గింపవచ్చును.

రెండవ సూత్రము, పెద్ద సమస్యను చిన్న సమస్యలుగా విడదీయుట. ఆసు పనిని శ్రద్ధగా పరిశీలించినచో దానిలో కొన్ని వేర్వేరు పనులు కనబడును. పోగు ముందుకు పోవలెను; వెనుకకు రావలెను. మేకు చుట్టును తిరుగవలెను. నియమితమైన సంఖ్య పూర్తికాగానే ప్రక్క మేకునకు జరుగవలెను. ఇంతసేపును పోగు తెగరాదు; వదులు కారాదు. మన చేయి ఈ పనులన్నిటిని ఒక్కటిగా చేయును గనుక అవి వేర్వేరని మనకు తోచదు. యంత్రమునకు అట్లు కాదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అవయవమును ఏర్పరుపవలెను.

జర్మనీ దేశపు ఆచార్యులగు గెర్హార్డ్ పాల్, వోల్ఫ్‌గాంగ్ బైట్జ్ అనువారు 1977లో రూపకల్పనాశాస్త్రముపై ఒక గ్రంథమును ప్రకటించిరి. యంత్రము చేయవలసిన మొత్తము పనిని చిన్న పనులుగా విభజించి, ఒక్కొక్కదానికి సాధ్యమైన మార్గములను వెదకి, వానిని కలిపి చూడవలెనని అందు వివరించిరి. అనేక దేశముల ఇంజనీరింగు విద్యార్థులు ఆ గ్రంథమును చదివిరి. అంతకు ముందే 1962లో లండను నగరమున రూపకల్పనా పద్ధతులను గూర్చి పండితులు ఒక సభ జరిపిరి. క్రొత్త వస్తువు ఎట్లు పుట్టును? దానికొక క్రమమున్నదా? ఆ క్రమమును ఇతరులకు నేర్పవచ్చునా? ఇవియే ఈ శాస్త్రములోని ముఖ్య ప్రశ్నలు. మల్లేశము అట్టి గ్రంథములచే నడువలేదు. ఐనను పని తానే నేర్పిన దారి అతనిని అచ్చటికే చేర్చెను. అతడు యంత్రమును ఒక్కమారుగా చేయబూనక, ఒక్కొక్క భాగమును చేసి, సరిచూచి, తరువాతి భాగమునకు పోయెను.

మూడవ సూత్రము, నమూనాను చేసి పరీక్షించుట. మనసులో చక్కగా తిరిగిన చక్రము కర్రతో చేసినపుడు తిరుగకపోవచ్చును. అమెరికా దేశపు రైటు సోదరుల గ్లైడరు 1901లో వారు ఆశించినట్లు ఎగురలేదు. వారు నిరుత్సాహపడి ఊరకుండలేదు. పెట్టెవంటి ఒక గాలిసొరంగమును నిర్మించి, దానిలో సుమారు 200 చిన్న రెక్కల నమూనాలను పరీక్షించిరి. ఏ రెక్క ఎంత లేచునో పట్టికలు వ్రాసికొనిరి. 1903 డిసెంబరులో వారి విమానము ఎగిరెను. విఫలమైన నమూనా వ్యర్థముకాదు. "ఈ దారి కాదు" అని అది స్పష్టముగా చెప్పును. ఆ మాట వినుటకు మనకు ఓపిక యుండవలెను.

ఐతే ఓపికకు వెల యున్నది. నమూనా విఫలమైన ప్రతిమారును కర్ర, ఇనుము, కాలము, కూలి ఖర్చగును. పరిశోధనాలయములో ఆ వెలను సంస్థ భరించును. పల్లెలో దానిని కుటుంబము భరింపవలెను. మల్లేశము సంపాదించినది యంత్రభాగములకు వెచ్చించుచుండగా ఊరివారు కొందరు నవ్విరి. 1997 నాటికి యంత్రములో చాలవరకు పూర్తియైనను, పోగును మేకు చుట్టును తిప్పు అవయవము మాత్రము కుదురలేదు. అది లేనిదే తక్కినదంతయు నిరుపయోగము. అప్పుడతడు హైదరాబాదునకు పోయి, విద్యుత్తు తీగెల పనిలో కూలికి చేరెను. పగలు కూలిపని; మిగిలిన వేళ యంత్రమును గూర్చిన ఆలోచన. కూలిలో మిగిలిన దానితో భాగములు చేయించుకొనుచుండెను.

1999వ సంవత్సరారంభమున అతడు బాలానగరు పారిశ్రామిక ప్రాంతమున పనిమీద నున్నపుడు అచ్చటి యొక యంత్రము కంటబడెను. దానికిని నేతపనికిని ఎట్టి సంబంధమును లేదు. కాని దానిలో ఒక భాగము కదలు తీరు అతని దృష్టిని ఆకర్షించెను. తాను ఏండ్లతరబడి వెదకుచున్న చలనము అదియే! అతడు ఆ కదలికను అనుసరించి తన యంత్రమునకు తగిన అవయవమును చేయించి అమర్చెను. యంత్రము పనిచేసెను. 1992లో మొదలైన ప్రయత్నము 1999లో ఫలించెను. దానికి అతడు తన తల్లి పేర లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను.

దీనిని అదృష్టమందురా? ఆ యంత్రమును ప్రతిదినము ఎందరో చూచియుందురు. వారికందులో తమ సమస్యకు పరిష్కారము కనబడలేదు. ఏలయన వారికి ఆ సమస్య లేదు. ఏ అవయవము కొరతపడినదో సూక్ష్మముగా ఎరిగినవానికే అది ఎదుట పడినపుడు గుర్తింపశక్యమగును. ఇది నాలుగవ సూత్రము: ఒకచోట నున్న ఉపాయమును వేరొకచోట వినియోగించుట.

హైదరాబాదులోనే ఇట్టి దృష్టాంతము మరియొకటి కలదు. డాక్టరు అబ్దుల్ కలాము అచ్చటి రక్షణ పరిశోధనాలయములో అగ్ని క్షిపణి నిర్మాణమునకు నాయకత్వము వహించుచుండిరి. క్షిపణి కొరకు తేలికయు, దృఢమునైన కార్బను పదార్థమును అచ్చట సిద్ధపరచిరి. ఒక ఎముకల వైద్యుడు ఆ పదార్థమును చూచి, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలోని పిల్లలను కలామునకు చూపెను. ఆ పిల్లలు మూడు కిలోగ్రాములకు పైబడిన లోహపు ఆధారములను కాళ్లకు కట్టుకొని ఈడ్చుకొనుచు నడచుచుండిరి. క్షిపణికొరకు పుట్టిన పదార్థముతో సుమారు 300 గ్రాముల ఆధారములు తయారైనవి. పిల్లలు వానితో నడచినపుడు వారి తల్లిదండ్రుల కన్నులు చెమర్చినవని కలాము తన ప్రసంగములలో చెప్పుచుండెడివారు. ఇచ్చటను దారి చూపినది ఒకరి బాధను దగ్గరగా చూచుటయే.

యంత్రము తిరుగుటతో రూపకల్పన ముగియదు. దానిని వాడువారు మెచ్చవలెను. వారి ఇంటిలో అది ఇమిడియుండవలెను. వారి స్తోమతకు అందవలెను. చెడిపోయినపుడు బాగుచేయుటకు వీలుండవలెను. ఆసు యంత్రముతో ఒక చీర పని సుమారు గంటన్నరలో పూర్తియగును. చుట్టుపట్ల నేతవారు యంత్రము కావలెనని అడుగసాగిరి. మల్లేశము వారికొరకు యంత్రములను తయారుచేయుచు, వాని లోపములను సవరించుచు వచ్చెను. తరువాతి కాలమున దానికి ఎలక్ట్రానిక్ నియంత్రణను గూడ చేర్చెను. ఇట్లు వాడువారి మాటను విని వస్తువును మెరుగుపరచుట ఐదవ సూత్రము.

పల్లెలలోని ఇట్టి కల్పనలను వెదకి వెలికితీయు పల్లె సృజన యను సంస్థ మల్లేశము కృషిని లోకమునకు తెలిపెను. జాతీయ నవకల్పనా ప్రతిష్ఠానము అతనిని సత్కరించెను. యంత్రమునకు పేటెంటు లభించెను. 2017లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ బిరుదము నిచ్చెను. 2019లో అతని జీవితకథ తెలుగులో చలనచిత్రముగా వచ్చెను.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. యంత్రములు వచ్చి చేతిపనుల వారి జీవనమును హరించుట మన దేశమునకు తెలియని సంగతి కాదు. మరమగ్గముల పోటీవలన ఎన్నియో చేతిమగ్గములు మూలబడినవి. కొన్ని రకముల వస్త్రములను చేతిమగ్గములకే కేటాయించుచు 1985లో పార్లమెంటు ఒక చట్టమును చేయవలసివచ్చెను. అట్లైన ఆసు యంత్రమును మనమేల మెచ్చుకొనవలెను? దానికి సమాధానము ఆ యంత్రము ఎచ్చట ఆగినదో చూచినచో తెలియును. అది మగ్గమును తొలగింపలేదు. నేతగాని నేర్పును తీసికొనలేదు. రంగుల ఊహ మనిషిదే. నేయు చేయి మనిషిదే. ఎముకలను అరుగదీయు కదలికను మాత్రము అది తనమీద వేసికొనెను. ఏ శ్రమను తీసివేయవలెను, ఏ నేర్పును నిలుపవలెను అను వివేకము రూపకల్పన చేయువానికి ఉండవలెను. బలము కలిగించు యంత్రమును చేయుట తెలివి. బలహీనుని బ్రతుకును నిలుపు యంత్రమును చేయుట తెలివియు, దయయు.

నేడు కల్పన చేయువారికి మల్లేశమునకు లేని సదుపాయములు కొన్ని కలవు. హైదరాబాదులో 2023లో టీ-వర్క్స్ అను నమూనాల నిర్మాణకేంద్రము ప్రారంభమైనది. ఒకే కప్పు క్రింద అచ్చట పలువిధముల పనిముట్లును, యంత్రములును ఉన్నవి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రూపకల్పనను ప్రత్యేక శాస్త్రముగా బోధించి పరిశోధించు విభాగమున్నది. ఐనను ఏ కేంద్రమును, ఏ విభాగమును మనకు సమస్యను చూపజాలవు. సమస్యను చూచువాడు ఆ పని జరుగుచోట ఉండవలెను.

ఆత్మకూరు బాలుడు బడికి పోవు దారిలో ఎన్ని పనులను చూచును! అమరచింతలో గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగాడు వంగిన నడుముతో నాడెలు విసరుచుండును. కృష్ణలో జాలరి పుట్టిని త్రిప్పుచుండును. చేలో స్త్రీలు రోజంతయు వంగి నాట్లు వేయుచుందురు. వేరుసెనగ కాయలు కోయుచుందురు. వీరిలో ఒకరిని ఎన్నుకొనుడు. వారి ప్రక్కన గంటసేపు ఓపికగా కూర్చుండుడు. చేయి ఎన్నిమారులు కదలినదో లెక్కించుడు. ఎచ్చట నొప్పి కలుగుచున్నదో వినయముగా అడుగుడు. ఆ పనిని చిన్న పనులుగా విడదీసి పుస్తకములో వ్రాయుడు. వానిలో ఒక్కదానికి కర్రతోనో, అట్టతోనో ఒక నమూనాను చేసి వారికే చూపుడు. వారు పెదవి విరిచినచో కారణమడిగి మరల చేయుడు.

ఏడేండ్ల కృషితో ఒక తల్లి భుజమునకు విశ్రాంతి దొరకెను. ఆ వెంటనే ఎందరో తల్లుల భుజములకు దొరకెను. ఇంకను లెక్కింపబడని కదలికలు మన ఊళ్లలో ఎన్నియో కలవు.

ప్రశ్నలు

1. గద్వాల నేతలోని శ్రమకును, పోచంపల్లి నేతలోని శ్రమకును గల భేదమేమి?
2. ఆసు పోయుటలో ఇమిడియున్న చిన్న పనులను వరుసగా వ్రాయుము.
3. బాలానగరులో మల్లేశము చూచిన యంత్రము ఇతరులకు ఉపయోగపడక అతనికే ఏల ఉపయోగపడెను?
4. "విఫలమైన నమూనా వ్యర్థముకాదు" – రైటు సోదరుల పరీక్షలతో సమర్థింపుము.
5. మీ ఊరిలోని ఒక పనిని గమనించి, దానిలో తగ్గింపదగిన శ్రమను, నిలుపదగిన నేర్పును వేర్వేరుగా వ్రాయుము.